పళ్ళ డాక్టరు దగ్గర కాకెంగిలి

ఒకరి నోట్లోంచి తీసిన అద్దాన్ని దూదితో తుడిచి మా చెల్లెలి నోట్లో పెట్టబోయారు. నరసరావుపేటలో, పట్టపగలు, నా కళ్ళముందు జరిగిందిది. పుల్ల చివర బిళ్ళంత అద్దం. అంతకుముందు కుర్చీలో కూర్చున్న మనిషి దవడలో దాన్ని తిప్పుతుండగా గుమ్మంలోంచి చూశాను. నర్సు పిల్ల దాన్ని కుళాయి కింద ఆడించి, స్పిరిటు దూదితో ఒక్క రాపు రాసి, "నోరు తెరువు మామ్మా" అంది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"తుడిచాగా తాతయ్యా, శుభ్రంగానే ఉంది" అంది.

గదినిండా లవంగనూనె వాసన. ఆ వాసనలో ఆ మాట వినేసరికి, వాచిన దవడ పట్టుకుని కుర్చీలో కూర్చున్న మా చెల్లెలు సామ్రాజ్యం నాకు పరికిణీ వేసుకున్న చిన్నపిల్లయి కనిపించింది.

గురజాల పక్కన మా ఊరు. నాపరాళ్ళు పరిచిన వసారాలో ఎండాకాలం మధ్యాహ్నం నీళ్ళు చల్లితే లేచే ఆవిరి వాసన, పెరట్లో ఆరబోసిన మిరపకాయల ఘాటుకి ఇంటిల్లిపాదీ తుమ్ముతుంటే మా నాయన విసుక్కుంటూ తానూ తుమ్మడం, వేడి జొన్నసంకటి ముద్దలో గుంట చేసి పోసుకున్న గోంగూర పులుసు, ఇవన్నీ ఒక ఎత్తు, మా అమ్మ ఎంగిలి పట్టింపు ఒక ఎత్తు. చెంబు పెదవికి తగలకూడదు. తల వెనక్కి వాల్చి ఎత్తి పోసుకోవాలి, సగం నీళ్ళు చొక్కాలోకి పోయినా సరే. తిన్న చెయ్యి పచ్చడి జాడీ దరిదాపులకు పోకూడదు.

ఆ కాపలాలోంచి తప్పించుకోవడానికి పిల్లలకున్న దారి కాకెంగిలి. జామకాయ ఒకటే దొరికితే సామ్రాజ్యం దానిమీద పరికిణీ అంచు కప్పి, గుడ్డతో సహా కొరికి, సగం నాకిచ్చేది. గుడ్డ అడ్డం ఉంది గనక ఎంగిలి అంటదని మా చట్టం. తాటిబెల్లమైనా నువ్వుండైనా దాని పళ్ళ గాట్లున్న ముక్కే నాకు ఎక్కువ తీపిగా ఉండేది.

ఒక ఏడు దానికి గవదబిళ్ళలు వచ్చాయి. అమ్మ చెంపలకు గంధం పట్టించి, గవదలకు బంగారం మంచిదని కిరాణా కొట్టు రత్తమ్మ పిన్ని గొలుసు అడిగి తెచ్చి మెడలో వేసి, "ఏమే, తగ్గిందాకా వాడికేమీ పెట్టబాక" అని గట్టిగా చెప్పింది. దాని మనసు ఆగలేదు. కిటికీలోంచి బెల్లంముక్క అందించి, "గుడ్డమీదే కొరికాలే అన్నయ్యా, కాకెంగిలే" అంది.

దానికి తగ్గుతుండగా నాకు రెండు చెంపలూ పొంగాయి. అమ్మ ఆ గొలుసును కుంకుడు రసంలో కడిగి, సలసల మరిగే నీళ్ళలో ముంచి తీసి, ఆరాక నా మెడలో వేసింది. చూడ్డానికొచ్చిన రత్తమ్మ పిన్ని, "ఏందిరా, మా పిల్లకంటే నీకే చానా బాగుందే! పీటల మీద నిన్నే కూర్చోబెడతా పద" అంది. నవ్వితే దవడలు పీకుతుంటే ఇద్దరం చెంపలు పట్టుకుని, "నవ్వించబాక పిన్నీ" అని మూలిగాం. అమ్మ మాత్రం నవ్వలేదు. బెల్లం మరకలున్న పరికిణీ అంచు మా ముందు పట్టుకుని, "ఈ గుడ్డ అడ్డం పెడితే రోగం ఆగిద్దంట్రా?" అంది.

నేను బడిలో చదివింది ఐదో తరగతి దాకానే. సూక్ష్మజీవుల సంగతి తర్వాత లైబ్రరీ పుస్తకాల్లో తెలిసింది గానీ, నమ్మకం ఆ రోజే కుదిరింది.

తుడిస్తే చాలదమ్మా అని నర్సు పిల్లతో అంటుంటే నా గొంతు విని డాక్టరు వచ్చాడు. మా మనవడి వయసు. "ఇన్నేళ్ళుగా చేస్తున్నాం పెద్దాయనా, ఎవరికీ ఏం కాలేదు" అన్నాడు.

"కాలేదని నీకెవరు చెప్పారయ్యా? నాకు గవదలు ఎవరివల్ల అంటుకున్నాయో మా అమ్మకు తెలుసు, ఒకే ఇంట్లో ఉన్నాం గనక. ఇక్కణ్ణుంచి రోగం మోసుకెళ్ళినోడికి అది ఎక్కడిదో వాడికే తెలవదు. నీకొచ్చి ఏం చెబుతాడు? దీనికి షుగరు. గోరు గీసుకున్నా నెల్లాళ్ళు మానదు."

"ఊరుకో అన్నయ్యా" అని సామ్రాజ్యం నా చెయ్యి లాగింది. "నొప్పి చంపుతోంది. కానియ్యి." దాని కళ్ళలో నీళ్ళు చూస్తే నా పంతం సగం జారింది. ఆ అద్దం వంక చూస్తే మళ్ళీ బిగిసింది. దాన్ని లేపి బయట బల్లమీదికి తీసుకొచ్చాను. పనిముట్లను ఆవిరితో ఉడికించే యంత్రం గదిలో ఓ మూల ఉండనే ఉంది. దానిమీద టీగ్లాసులు బోర్లించి ఉన్నాయి.

మా వసారా పడగొట్టి చాలా కాలమైంది. ఇప్పటి పిల్లలకు ఎవరి పొట్లం వాళ్ళకుంది. కాకెంగిలి అంటే ఏమిటని అడుగుతారు. అది పోయినందుకు నాకు చింత లేదు. పొయ్యి దగ్గర్నుంచి తల ఎత్తకుండానే, "ఎవరి ఎంగిల్రా అది?" అని కేకేసే గొంతు పోయిందే, దానికే నా బాధ. ఆ బల్లమీద వరసగా కూర్చున్నవాళ్ళంతా మా గొడవ విన్నారు. ఎవరూ ఫోన్లలోంచి తల ఎత్తలేదు.

లోపల యంత్రం మీది టీగ్లాసులు తీసిన చప్పుడైంది. చానాసేపటికి యంత్రం మోగడం వినిపించింది. డాక్టరు బయటికొచ్చి, చేతి తొడుగులు తీసి బుట్టలో వేసి, మా చెల్లెలి పక్కన కూర్చున్నాడు.

"ఉడికినవి తీశాకే పిలుస్తాను మామ్మా, కాసేపు ఓర్చుకో. ఇన్నాళ్ళూ అడిగినవాళ్ళు లేరు పెద్దాయనా, అందుకే తుడిచి పెట్టాం."