గంటకు ఎన్ని లీటర్లు

నిన్న మధ్యాహ్నం ఒక రైతు మందు కొట్టే పవర్ స్ప్రేయరును మా షెడ్డుకు తెచ్చాడు. ఎండలో బండి మీద కట్టుకుని వచ్చాడేమో, టాంకీ మూత తిప్పగానే లోపలి పెట్రోలు ఆవిరి బుస్సుమని ముఖానికి కొట్టింది. వేడెక్కిన పెట్రోలు వాసన చల్లటి పెట్రోలు వాసనలా ఉండదు. గొంతులోకి దిగి కాసేపు అక్కడే ఉంటుంది. ఆర్మూరులో మెకానిక్ షెడ్డు పెట్టి ఇరవై ఏళ్లయినా ఆ వాసన తగిలినప్పుడల్లా నేను బహ్రెయిన్‌లో, సఖీర్ ఎడారిలో, ఒక రేకుల షెడ్డు ముందు నిలబడి ఉంటాను. పక్కన హమీద్ ఉస్తాద్ ఉంటాడు. ఆయన గురించి మా పిల్లలకు ముక్కలు ముక్కలుగా చెప్పాను గానీ, మొదటి నుంచి చివరి దాకా ఎవరికీ చెప్పలేదు. అందులో నా తప్పు కూడా ఉండటమే కారణం కావచ్చు.

తొంభైలలో సంగతి ఇది. అప్పటికి నాకు ముప్ఫై మూడేళ్లు. బహ్రెయిన్‌లోని జింజ్‌లో ఒక కార్ల గ్యారేజీలో కార్బురేటర్ల పని చేసేవాణ్ణి. వీసా ఇచ్చి మమ్మల్ని తెచ్చుకున్న మా గ్యారేజీ యజమానిని మేమందరం కఫీల్ అనే పిలిచేవాళ్లం. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. కుర్రతనంలో విదేశంలో చదువుకుంటూ విమానం నడపడం నేర్చుకున్నాడట. ఆ పిచ్చి ఆయన్ను వదల్లేదు. చెక్క పెట్టెల్లో భాగాలు తెప్పించుకుని నాలుగేళ్లుగా రెండు సీట్ల చిన్న విమానాన్ని తన చేతులతో తానే కట్టుకుంటున్నాడు. రెక్కలు బిగించాడు, గుడ్డ తొడిగాడు, రంగు వేశాడు. ఇంజను దగ్గరికి వచ్చేసరికి తన వల్ల కాదని హైదరాబాదు నుంచి హమీద్ ఉస్తాద్‌ను పిలిపించుకున్నాడు. ఉస్తాద్‌ది మలక్‌పేట. విమానం నడపడం నేర్పే ఒక సంస్థలో ఇరవై ఏళ్లకు పైగా చిన్న విమానాల ఇంజన్లు చూసినవాడు. అరవై దగ్గర పడిన వయసు, సన్నటి ఒళ్లు, తల మీద తెల్ల టోపీ. కళ్లద్దాల కాడ విరిగితే దారంతో కట్టుకుని అలాగే వాడేవాడు. ఇంజనుకు కార్బురేటర్లు రెండున్నాయి కాబట్టి ఆయనకు సాయంగా ప్రతి శుక్రవారం ఓవర్‌టైం మీద కఫీల్ నన్ను విమానం ఉన్న సఖీర్ షెడ్డుకు పంపేవాడు.

మొదటి రోజే ఆయన నన్ను ఒక ప్రశ్న అడిగాడు. గ్యారేజీకి వచ్చిన కారు ఎంత పెట్రోలు తాగుతుందో నువ్వెట్లా చెబుతావు అని. చూడగానే అందాజాగా చెప్పేస్తానన్నాను, కాస్త గర్వంగానే. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. "కారు ఆగిపోతె దిగి నూకుతరు నర్సయ్యా. ఇది ఆగిపోతె ఏడ దిగుతరు? అందాజా అంటె గాలిల జెప్పేది గాదు. కొలిచినంక జెప్పేది," అన్నాడు. ఆ మాట మాత్రం బాగానే గుర్తు పెట్టుకున్నాను. దాని బరువు తెలియడానికి ఇంకా నెల పట్టింది.

కఫీల్ తొందరకు ఒక కారణం ఉంది. ఆయన తండ్రికి డెబ్భై అయిదు దాటాయి. వయసులో ఉన్నప్పుడు పడవల మీద పోయి ముత్యాల కోసం సముద్రంలో మునిగిన మనిషి. ఇప్పుడు రెండు కళ్లూ నెలనెలకూ మసకబారుతున్నాయి, పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్లు తేల్చేశారు. తండ్రి తిరిగిన సముద్రాన్ని, చూపు పూర్తిగా పోయేలోగా పైనుంచి చూపించాలని కఫీల్ పట్టుదల. బహ్రెయిన్ దీవి చుట్టూ ఒక్కసారి తిరిగి రావాలన్నది ఆయన కోరిక. ఎదురుగాలిని కూడా కలుపుకుంటే రెండు గంటల ప్రయాణం. ఇంజనుతో వచ్చిన పుస్తకంలో గంటకు పదిహేను లీటర్లు తాగుతుందని రాసి ఉంది. టాంకీలో నలభై పడుతుంది. రెండు గంటలకు ముప్ఫై పోను ఇంకా పది మిగులుతుందని, అది చాలునని కఫీల్ లెక్క. ఉస్తాద్ మాత్రం ఆ పుస్తకాన్ని మూసి పక్కన పెట్టాడు. "పుస్తకం రాసినోడు ఈ ఎండ జూసిండా? ఈ ఇంజను జూసిండా?" అని నాతో తెలుగులో అని, మన ఇంజనును మనమే కొలవాలని కఫీల్‌కు ఉర్దూలో చెప్పాడు. ఇంజనుకు పూచీ ఇచ్చే కాగితం మీద ఉస్తాద్ సంతకం లేనిదే పైకి లేవడానికి అనుమతి రాదు. అందుకని కఫీల్ సరేనన్నాడు.

కొలిచే పద్ధతి చూడటానికి తేలికే. విమానం తోకను గొలుసుతో ఇనుప స్తంభానికి కట్టేయాలి. టాంకీకి బదులు, గీతలు గీసిన ఒక గాజు జాడీని అంతే ఎత్తున వేలాడదీసి, దాని నుంచి ఇంజనుకు పైపు ఇవ్వాలి. ప్రయాణంలో ఎంత వేగంగా తిరుగుతుందో అంతే వేగంతో ఇంజనును తిప్పుతూ, మూడు లీటర్లు ఎన్ని నిమిషాల్లో ఖాళీ అవుతాయో గడియారం పట్టుకుని చూడాలి. పుస్తకం నిజమైతే పన్నెండు నిమిషాలు పట్టాలి. అన్నీ సిద్ధం చేసిన గురువారం సాయంత్రం ఉస్తాద్‌కు జ్వరం పట్టుకుంది. మరుసటి పొద్దున లేవలేకపోయాడు. వారం వాయిదా వేద్దామంటే కఫీల్ ఒప్పుకోలేదు. తాను లోపల కూర్చుని ఇంజను నడుపుతాననీ, నన్ను జాడీ చూసి రాయమనీ చెప్పాడు.

ఆ పొద్దున జరిగింది ఉన్నదున్నట్టు చెబుతాను. ఇంజను ముందు తిరిగే పంకా గాలికి ఇసుక లేచి నా కళ్లలో పడింది. మొదటిసారి జాడీ ఖాళీ అయినప్పుడు గడియారంలో తొమ్మిది నిమిషాలు దాటి కొద్దిగా కనిపించింది. అంత తేడా ఉంటుందా? పుస్తకం రాసినవాళ్లు పెద్ద చదువుల ఇంజనీర్లు, నేను ఆర్మూరు మెకానిక్‌ను. నా కన్నే తప్పు, పుస్తకమే ఒప్పు అనుకున్నాను. రెండోసారి, మూడోసారి సరిగా చూడను కూడా లేదు, కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాను. నోటుబుక్కులో మూడు గళ్లలోనూ పన్నెండు నిమిషాలు అని రాశాను. కఫీల్ దిగి వచ్చి ఆ నోటుబుక్కు చూసి ఎన్నడూ లేనంతగా నవ్వాడు. "ఖలాస్," పని అయిపోయిందని నా భుజం తట్టాడు. వచ్చే శుక్రవారం తండ్రిని తీసుకువస్తానన్నాడు. ఆ నవ్వు చూసి నేను నిజంగానే మంచి పని చేశాననుకున్నాను.

బుధవారం ఉస్తాద్ జ్వరం తగ్గి లేచాడు. ఆ రోజు డ్యూటీ కాగానే గ్యారేజీ వ్యానులో సఖీర్‌కు వెళ్లాను. ఆయన షెడ్డు గుమ్మంలో కూర్చుని ఆ నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. నన్ను పక్కన కూర్చోమన్నాడు. ప్లగ్గులు విప్పి చూశాననీ, మసిబారి నల్లగా ఉన్నాయనీ, పెట్రోలు ఎక్కువ తాగే ఇంజనుకే అలా అవుతుందనీ నెమ్మదిగా చెప్పాడు. తర్వాత పుట మీద వేలు పెట్టాడు.

"మూడుసార్లు పన్నెండు. ఒక్క సెకను గూడ అటుఇటు లేదు. నర్సయ్యా, నువ్వు చూసి రాసినవా, ఉత్తగ రాసినవా?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన కళ్లలో కోపం ఉండి ఉంటే చెప్పేవాణ్ణేమో. "ఉత్తగనే రాసిన ఉస్తాద్," అన్నాను. మొదటిసారి నాకు కనిపించిన తొమ్మిది నిమిషాల సంగతి కూడా చెప్పాను. అప్పుడాయన పెన్సిలు తీసి నా ముందే లెక్క వేశాడు. తొమ్మిది నిమిషాలకు మూడు లీటర్లంటే గంటకు ఇరవై. రెండు గంటలకు నలభై. టాంకీ అడుగున మూడు లీటర్లు పైపుకు అందవు. అంటే తండ్రీకొడుకులు ఇద్దరూ ఇంకా సముద్రం మీద ఉండగానే ఇంజను ఆగిపోతుంది.

కఫీల్‌కు ఆ సంగతి ఉస్తాదే చెబుతాడనుకున్నాను. అలా జరగలేదు. "నువ్వే పోయి చెప్పాలె. నేను జెప్తె అది చాడీ అయితది," అన్నాడు. నా పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఉంది. ఊళ్లో భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. మరుసటి పొద్దున జింజ్‌లో ఆయన గదిలోకి వెళ్లి, వచ్చీరాని ఉర్దూలో చెప్పేశాను. ఆయన ముఖం రాయిలా అయింది. బయటికి పొమ్మని చెయ్యి చూపించాడు, అంతే. ఆ తర్వాత సఖీర్‌కు పోయి ఉస్తాద్‌తో చాలా వాదించాడట. పుస్తకం అబద్ధం చెప్పదనీ, తండ్రికి మాట ఇచ్చాననీ, సంతకం పెట్టమనీ. కొలవనిదే పెట్టననీ, కావాలంటే టికెట్టు తీయమనీ, ఇంటికి పోతాననీ ఉస్తాద్ అన్నాడట. ఈ సంగతి నాకు తర్వాత కఫీలే చెప్పాడు. సంతకం పెట్టనన్నందుకు ఆ రోజు ఎంత కోపం వచ్చిందో, అదే రోజు ఆయన మీద అంత నమ్మకం కూడా కుదిరిందన్నాడు.

శుక్రవారం నన్ను రానిస్తారనుకోలేదు. కానీ వ్యాను వచ్చింది. ఆ రోజు మేం ముగ్గురమూ కలిసి కొలిచాం. తొమ్మిది నిమిషాల పది సెకన్లు. తొమ్మిది నిమిషాల రెండు. తొమ్మిది నిమిషాల పదిహేను. ఒక్కో అంకెను నేను పైకి చదువుతుంటే కఫీల్ తల దించుకుని విన్నాడు. తర్వాత ఉస్తాద్ నా వైపు తిరిగి, కార్బురేటర్లు నీ పని కదా, చూడమన్నాడు. రెండు వారాలు వాటితోనే గడిపాను. లోపల పెట్రోలు మట్టాన్ని నిలబెట్టే ఫ్లోటు రెండింటిలోనూ ఎత్తుగా ఉంది. అందుకే పెట్రోలు ఎక్కువగా పడుతోంది. సరిచేసి కొలిస్తే మూడు లీటర్లకు పదిన్నర నిమిషాలు వచ్చాయి. గంటకు పదిహేడు. కట్టేసిన ఇంజను వేరు, గాలిలో పరుగెత్తే ఇంజను వేరు అని ఉస్తాద్ అంతటితోనూ ఆగలేదు. టాంకీలో గీత దాకా నింపించి, కఫీల్‌ను ఒక్కణ్ణే షెడ్డు పైన గంటసేపు తిరిగి రమ్మన్నాడు. దిగాక అదే చోట నిలబెట్టి, అదే గీత దాకా మళ్లీ నింపాం. పదహారున్నర లీటర్లు పట్టింది. ఉస్తాద్ మాత్రం పదిహేడు అనే రాసుకున్నాడు.

అయినా దీవి చుట్టూ తిరగడానికి ఒప్పుకోలేదు. రెండు గంటలకు ముప్ఫై నాలుగు పోతే పైపుకు అందేది ఇంకో మూడు లీటర్లే. ముప్పావు గంటకు సరిపడా పెట్రోలు మిగలకుండా ఎవరినీ ఎక్కనివ్వనన్నాడు. కఫీల్ ఈసారి వాదించలేదు. మ్యాపు పరుచుకుని ఇద్దరూ కూర్చున్నారు. పడమటి తీరం వెంట దక్షిణపు కొన దాకా పోయి, అదే దారిలో తిరిగి రావడానికి గంటా పది నిమిషాలు. అంతే ఖాయం చేశారు.

తండ్రిని తెచ్చిన పొద్దున గాలి నిమ్మళంగా ఉంది. ముసలాయనను ఇద్దరం పట్టుకుని సీట్లో కూర్చోబెట్టాం. విమానం లేచి చిన్న చుక్కయి కనిపించకుండా పోయింది. ఉస్తాద్ గడియారం చేత్తో పట్టుకుని ఇసుకలోనే నిలబడ్డాడు, నీడలోకి రమ్మన్నా రాలేదు. గంటా పది నిమిషాలు అయ్యాయి. ఆకాశంలో ఏమీ లేదు. మరో మూడు నిమిషాలకు ముందు చప్పుడు వినిపించి, తర్వాత విమానం కనిపించింది. దిగాక ముసలాయన మమ్మల్నిద్దరినీ దగ్గరికి పిలిచి అరబ్బీలో ఏదో చెప్పాడు. కొడుకు దాన్ని మాకు ఉర్దూలో చెప్పాడు. పడవ మీంచి తాడు వదిలి చూస్తేనే తెలిసే లోతులు పైనుంచి రంగుల్లో కనిపించాయట. లోతు లేని చోట పచ్చగా, లోతు ఉన్న చోట నల్లగా. తాను దిగిన చోట్లను గుర్తుపట్టానని చెబుతూ ఆయన ఉస్తాద్ చెయ్యి వదల్లేదు. ఉస్తాద్ ఆ చెయ్యి విడిపించుకోకుండానే, టాంకీలో మిగిలింది కొలవమని నాకు కళ్లతో సైగ చేశాడు. విమానం లేవకముందే ఇరవై లీటర్లు మిగులుతుందని రాసి పెట్టాడు. పంతొమ్మిదిన్నర వచ్చింది.

ఉస్తాద్ ఆ ఏడాదే ఇంటికి వెళ్లిపోయాడు. సెలవులో వచ్చినప్పుడు ఒకసారి మలక్‌పేటలో ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చిక్కిపోయి ఉన్నాడు. చాయ్ తాగాక, ఆ రోజు నన్నెందుకు తిట్టలేదని అడిగాను. ఆయన గోడ వైపు చూస్తూ చెప్పాడు. "నేను గూడ ఒకసారి చూడకుంటనే రాసిన. ఆయిలు ఎంతుందో. ఇంజను ఆగిపోతె నడిపినాయన చేన్ల దిగిండు. పానం దక్కింది, కాలు పోయింది. నన్నెవలు అడగలే నర్సయ్యా. అడిగితె బాగుండు అనుకున్న ఇన్నేండ్లు." అదే ఆయనను చివరిసారి చూడటం.

పోయిన ఎండాకాలం ఒక ఆఫీసువాళ్లు పాత డీజిల్ మోటార్లు పరీక్షించి, ఒక్కోటి గంటకు ఎంత తాగుతుందో రాసి ఇవ్వమని నాకు పని అప్పగించారు. నలభై మోటార్లలో ఆరు అసలు స్టార్టే కాలేదు. ఆఫీసు నుంచి వచ్చినాయన, కాగితంలో ఆ ఆరు గళ్లు ఖాళీగా ఉంటే పైవాళ్లు ఒప్పుకోరనీ, మిగతావాటిని చూసి ఏదో ఒకటి వేసేయమనీ అన్నాడు, మర్యాదగానే. ఖాళీగా ఉంచనన్నాను. ఆరు గళ్లలోనూ 'చూడలేదు' అని రాసి, ప్రతి ఒక్కదాని కిందా సంతకం పెట్టి ఇచ్చాను.