పక్కకుట్టు లోపలి బట్ట

కేజీఎఫ్‌లో బంగారు గనులు మూతపడి నాన్న గుమాస్తా ఉద్యోగం పోయాక, అమ్మ కుట్టుమిషన్ మీదే మా ఇల్లు నడిచింది. ఎవరి జాకెట్ కుట్టినా పక్కకుట్టు లోపల రెండు వేళ్ళ బట్ట వదిలేది అమ్మ. "ఇంగ కొత్తది ఎప్పుడు కుట్టించుకుంటారో ఏమో! ఒళ్ళు చేస్తే కుట్టు విప్పుకొంటారు" అనేది.

బెంగళూరులో డిజైనర్‌గా పేరొచ్చాక కూడా నేను ఆ అలవాటు మానలేదు. ఒక పెద్ద షోరూమ్ యజమాని నా జాకెట్ తిరగేసి చూసి, "ఇదంతా దండగ బట్ట, కత్తిరించెయ్యండి" అన్నాడు. జాకెట్ ఆయన చేతిలోంచి లాక్కుని, ఆ ఆర్డరే వద్దని లేచి వచ్చేశాను.

ఇప్పుడు కేజీఎఫ్‌లో మేమున్న పాత క్వార్టర్స్ పక్కనే ఆడవాళ్ళకు ఉచితంగా కుట్టు నేర్పిస్తున్నాను. మొదటి పాఠం ఆ రెండు వేళ్ళ బట్టే. మొన్న బూదికోట నుంచి కొత్తగా చేరినామె కత్తెర పట్టుకుని అడిగింది.

"అక్కా, ఇంత బట్ట యాడన్నా వదుల్తారా? బెంగళూరు గార్మెంట్స్‌లో ఒప్పుకోరంట గదా?"

నాకు ఒళ్ళు మండింది. "నీ జాకెట్ పక్కన పాత కుట్టు విప్పిన గీత ఉండాది, చూసుకోమ్మా. ఆ బట్ట అప్పుడే కత్తిరించేసి ఉంటే, ఈపొద్దు ఏం తొడుక్కొని వచ్చేదానివి?"

ఆమె చెయ్యెత్తి చూసుకుంది. తర్వాత, బట్టపై సుద్దగీత మీద ఆనించిన కత్తెరను రెండు వేళ్ళు అవతలికి జరిపింది.