ఉప్పుగూడ దాటి వెళ్లిపోయిన చుక్క

పురానాపూల్ ప్రజలందరికీ తెలియజేయడమేమనగా... మా చిన్నప్పుడు మా ఇంట్లో పాల మీది మీగడ మాయం చేసింది పిల్లి కాదు, నేనే. పిల్లిని నిర్దోషిగా విడుదల చేయడమైనది.

ఇలాంటి పనుల వల్లే ఇంట్లో నా మాటకు చిల్లిగవ్వ విలువ ఉండేది కాదు...

నిజాం కాలం. మాకు నాలుగు బర్రెలు. ఆ రోజు పొద్దు గూకాక బాపు పాలు పిండుతున్నాడు. వారం నుంచి జ్వరంతో ఉన్న నాయనమ్మ వాకిట్లో నులకమంచం మీద పడుకుంది. ఉన్నట్టుండి గోడలన్నీ పచ్చగా వెలిగాయి... కిషన్‌బాగ్ వైపు నుంచి ఒక పెద్ద చుక్క, చప్పుడు లేకుండా, పెళ్లి ఊరేగింపంత నింపాదిగా వచ్చింది. అది మా పెంకుల చాటుకు పోయేదాకా బాపు నోరు తెరుచుకుని చూశాడు.

"రాలింది... గది నా చుక్కనే," అంది నాయనమ్మ.

చుక్క రాలితే ఒక ప్రాణం పోతుందని మావాళ్ల నమ్మకం. అంతే... జావ గిన్నె నెట్టేసింది. కాళ్ల కడియాలు తీసి బాపు చేతిలో పెట్టింది. "మందు గూడ వద్దు బిడ్డా. నా లొల్లి అయిపోయింది." బాపు ఏడవడం నేను చూసింది అదే మొదటిసారి.

రెండు రోజులు మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టలేదు. మూడో రోజు నేను మంచమెక్కి కూర్చున్నాను.

"నాయనమ్మా, గది రాలలే. నేను గప్పుడు పక్కింటి ఖాలా మిద్దె మీదున్న. ఉప్పుగూడ దిక్కు పోయి, సన్నగై, అవుతలికి ఎల్లిపోయింది!"

"అబద్ధాల పోరీ! నీ మాట ఎవ్వడు నమ్ముతడే?"

అప్పుడే, పిన్ని వరసగా మేం ఖాలా అని పిలిచే పక్కింటి హలీమా, ఖిచిడీ గిన్నెతో వచ్చింది. గడపలో ఆగి, ఒక్క క్షణం నా మొహం చూసింది.

"సచ్ బోల్తీ అమ్మా, నిజమే. పోరి నా పక్కనే నిలబడ్డది. గది ఆగనే లేదు. నీ ఇంట్ల ఆగెతందుకు దానికి ఫుర్సత్ యాడిది?"

నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "గట్లనా... అయితే గా జావ ఇటు తే." రెండు గుటకలు మింగి బాపు మీద అరిచింది: "నా కడియాలు ఏవిరా?"

ఆ తర్వాత నా పెళ్లిలో వంటవాళ్లను అందరికంటే గట్టిగా తిట్టింది ఆమే!

ఈమధ్య ఎక్కడో చదివాను... కొన్ని ఉల్కలు భూమి చుట్టూ ఉన్న గాలి అంచును రాసుకుంటూ మండి, కింద పడకుండా మళ్లీ ఆకాశంలోకే వెళ్లిపోతాయట. నాలుగో తరగతి దాటని దాన్ని, నాకప్పుడేం తెలుసు?

ఇప్పుడు మా గల్లీలో బర్రెలు లేవు. దీపాల వెలుగులో చుక్కలూ సరిగ్గా కనపడవు... పిలవకుండా గిన్నె పట్టుకుని వచ్చే పొరుగువాళ్లూ తగ్గిపోయారు. మీకూ ఒక ఖాలా ఉండే ఉంటుంది... ఆమె గురించి చెప్పండి.

ఇక ఒక్క మాట. ఆ సాయంత్రం నేను మిద్దె మీద లేను. వెలుగు పడగానే చివరి బర్రె వెనక గడ్డిమోపుల్లో తల దూర్చి కళ్లు మూసుకున్నాను. ఉప్పుగూడ దిక్కు పోవడమంతా నా కల్పనే...

మిద్దె ఖాలాది. నేను అక్కడ లేనని ఆమెకు తెలుసు.