వంతెన దాకా

మా అల్బేనియా కొండల్లో దీలవ్వది ఒకటే పట్టు. తన ఇంట్లో పడుకున్న బాటసారిని పొద్దున్నే వాగు వంతెన దాకా తానే సాగనంపాలి. అక్కడిదాకా అతని ప్రాణానికి ఆమెదే పూచీ. మోకాలు వాచినా సరే, నల్ల తలగుడ్డ బిగించి, కర్ర పొడుచుకుంటూ ముందు నడుస్తుంది.

మొన్న మంచు కరిగాక వచ్చిన పోలండు పంతులు, ముసలామెకు శ్రమెందుకని చెప్పకుండా బయల్దేరాడు. సగం దారిలో వెనకనుంచి కేక వినపడింది.

"ఆగవయ్యా! దొంగలా పోతావేం? ఊళ్లో నా పరువు తీద్దామనా?"

అతను సిగ్గుపడి ఆమె వెనకే నడిచాడు. వంతెన దగ్గర ఆమె వేడి మొక్కజొన్న రొట్టె చేతిలో పెడితే, కృతజ్ఞతలు చెప్పబోయాడు.

"నువ్వు చెప్పడమేంటయ్యా? ఆర్నెల్లుగా నా తలుపు తట్టినవాడు లేడు. నువ్వు తట్టావు," అంటూ అరచేయి గుండెకు ఆనించుకుంది.

అతను అవతలి గట్టు ఎక్కేదాకా ఆ చెయ్యి దించలేదు.