సాబ్‌గారికి మంచినీళ్లు

ఒక్క చిల్లగింజ అరగదీసి మా క్వార్టర్ల లైను లైనంతటినీ నీళ్లకు కటకటలాడించిన ఘనత నాది. ఇట్లాంటి ఘనకార్యం బస్తర్ మొత్తం మీద ఇంకెవరైనా చేశారేమో తెలియదు. చేసి ఉంటే రండి, ఇద్దరం పక్కపక్కన కూచుని ఏడుద్దాం.

నా కొత్త కాపురం కిరండూల్‌లో. మా ఆయన ఇనుపరాయి గనిలో మెకానిక్కు. నేనేమో కొంటాలో కిరాణా కొట్టోళ్ల పిల్లను. శబరి నీళ్లు తాగి పెరిగిన నాకు ఆ టౌన్‌షిప్ కుళాయి చూడగానే కళ్లు తిరిగాయి. వానలు పడ్డాయంటే కొండ మీది ఎర్రమట్టి అంతా నీళ్లలోకి దిగేది. బిందె పట్టి చూస్తే చింతపండు చారు కాచినట్టుండేది. ఎండాకాలం రంగు తగ్గేది గాని బుద్ధి మారేది కాదు. సబ్బు నురగ రాదు, కందిపప్పు మధ్యాహ్నం దాకా పొయ్యి మీద కూచున్నా ఉడకదు, గిన్నెల అడుగున తెల్లగా పొర కడుతుంది. మా ఆయన పెళ్లికి కొన్న తెల్ల బనీన్లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. ఇక నా జుట్టు సంగతి అడక్కండి, నాకు ఇప్పటికీ మంటే.

మా లైనుకు పెద్దదిక్కు సత్యవతక్క. విజయనగరం మనిషి, గొంతెత్తిందంటే ఖనిజం రైలు కూడా ఆగి వినాల్సిందే. వానలు మొదలైతే చాలు, పిల్లలు కడుపునొప్పని మెలికలు తిరిగిపోతున్నారు, మా లైనుకో వడపోత ట్యాంకు కట్టించండి అని ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసింది. ఆఖరికి నీళ్ల వ్యవహారం చూసే పెద్ద సాబ్ స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. నీళ్లు నిజంగా బాగోకపోతే ట్యాంకు. బాగుంటే ఇక ఆ మాట ఎత్తడానికి లేదు.

ఇంక చూడండి మా లైనులో సంబరం. సాబ్‌ను ఎవరింట్లో కూచోబెట్టాలని తర్జనభర్జన పడి, చివరికి మా ఇల్లే ఖాయం చేశారు. లైనులో ఆఖరి ఇల్లు మాది, అందరికన్నా ఎర్రటి నీళ్లు మా కుళాయికే వచ్చేవి. పొద్దున పట్టిన నీళ్లు సిద్ధంగా ఉంచమంది అక్క. ఎట్లా ఉంచాలో చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు పాపం.

నేనేమో గాల్లో తేలిపోతున్నాను. అప్పటిదాకా ఆ లైనులో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు, అందరికీ కొంటా పిల్లనే. అట్లాంటిది ఏకంగా పెద్ద సాబ్ మా గడప తొక్కుతున్నాడు. పొద్దున్నే బిందె నింపి, అందులోకి తొంగి చూసి, నెత్తి కొట్టుకున్నాను. ఇంటికొచ్చిన మనిషికి ఈ నీళ్లా ఇచ్చేది? మా వైపు పగవాడు గుమ్మంలోకొచ్చినా ముందు మంచినీళ్ల గ్లాసు చేతికిచ్చి, ఆ తర్వాతే తగువు పెట్టుకుంటాం. ఎర్రదనం చూపించడానికి కుళాయి ఉంది కదా, తాగడానికి మాత్రం శుభ్రమైన నీళ్లిద్దాం అనుకున్నాను. మా కుళాయి పొద్దున్నే కాసేపు వచ్చి ఆగిపోతుందని, సాబ్‌లు పొద్దున్నే రారని నా మట్టిబుర్రకు తట్టలేదు.

శబరికి వరదొచ్చినప్పుడు మా అమ్మ చేసే వైద్యం ఒకటుంది. చిల్లగింజను రాతి మీద అరగదీసి ఆ గంధం నీళ్లలో కలిపితే మట్టంతా అడుక్కి దిగిపోతుంది. కాపురానికి పంపేటప్పుడు నా పెట్టెలో మూట కట్టి మరీ పెట్టింది. తీశాను. అరగదీశాను. బిందెలో కలిపాను, ఊపు తగ్గక బకెట్లో కలిపాను, గంగాళం మాత్రం ఏం పాపం చేసిందని అందులోనూ కలిపాను. తేరిన నీళ్లు బట్టలో వడగట్టి కూజాలో పోసి, అడుగున మిగిలిన మట్టంతా పారబోసి, పైన వట్టివేరు కూడా వేశాను. వెయ్యకపోతే నన్నెవరు అడిగారు, చెప్పండి?

మధ్యాహ్నం సాబ్ జీపు దిగాడు. ఉక్కపోతకు చెమటలు కారుతున్నాయి. లైను ఆడవాళ్లంతా మా గుమ్మం ముందు మూగారు. నేను మెరిసే గ్లాసు తెచ్చి వినయంగా అందించాను. సాబ్ ఎత్తి గటగటా తాగి, కళ్లు మూసుకుని, ఇంకో గ్లాసు అడిగాడు. జగదల్‌పూర్‌లో కూడా ఇంత చల్లటి, తేటైన నీళ్లు తాగలేదని హిందీలో పొగుడుతుంటే నేను సిగ్గుపడి నవ్వాను కూడా.

సత్యవతక్క మొహం మాడిపోయింది. పరుగున వెళ్లి కుళాయి తిప్పింది. బుస్సుమని గాలొచ్చింది. దండెం మీది గులాబీ బనీన్లు చూపించింది. గనిలో పనిచేసేవాడి బనీను ఎర్రగా కాక ఎట్లా ఉంటుందమ్మా అన్నాడాయన. చివరికి వాళ్లింటి నుంచి బకెట్టు మోసుకొచ్చింది. పొద్దుటినుంచి కదలకుండా ఉందేమో, మట్టంతా అడుక్కి పోయి ఆ నీళ్లూ పైకి తేటగానే కనబడ్డాయి. ఉండబట్టలేక మోచేతి దాకా చెయ్యి పెట్టి గిరగిరా కలిపింది. నీళ్లు ఎర్రబడ్డాయి.

"చేతికి మట్టి అంటింది, కడుక్కోండి అమ్మా" అన్నాడు సాబ్ దయగా.

జీపు వెళ్లాక అక్క నా కూజాలోకి తొంగి చూసింది. "ఏటే ఇది?"

"వట్టివేరు అక్కా."

ఆ తర్వాత రెండు వారాలు లైనులో నాతో మాట్లాడినవాళ్లు లేరు. మా ఆయన కూడా ఉడకని పప్పు కంచం పక్కకు తోసి లేచిపోయేవాడు. అంతలో ఒకనాడు కూలీలు లారీ నిండా పైపులు తెచ్చి మా కుళాయిలకు నీళ్లొచ్చే పాత ట్యాంకు దగ్గర దింపారు. నాకు ప్రాణం లేచొచ్చింది. చూశారా, సాబ్ మనసు మంచిది, మర్యాద చేస్తే ఊరికే పోదు అని ఇంటింటికీ తిరిగి చెప్పాను. సత్యవతక్క కూడా కరిగి నన్ను దగ్గరికి తీసుకుంది. పాయసం వండి కూలీల మేస్త్రీకి స్వయంగా ఇచ్చి, వడపోత ఎప్పటికి పూర్తవుతుందని అడిగాను.

ఆయన పాయసం తింటూనే చెప్పాడు. వడపోతా లేదు, ఏమీ లేదట. ఈ లైను నీళ్లు సాబ్‌కు తెగ నచ్చాయట. గెస్ట్ హౌస్‌కు ఇకనుంచి ఇక్కణ్ణించే నీళ్లు తెప్పించమన్నాడట. అందుకని మాకు కుళాయి ఇక రోజు విడిచి రోజు.

కాబట్టి అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. సాక్షాత్తు గంగమ్మ తల్లే దిగొచ్చి మా గుమ్మంలో దాహమని చెయ్యి చాచినా సరే, కుళాయి ఎట్లా ఇస్తే అట్లాగే పోస్తాను. కావాలంటే గ్లాసు అడుగున ఇంకో చిటికెడు మట్టి వేసి, బాగా కలిపి ఇస్తాను.