ఆరు కొమ్ముల తోక

నాకు ఆమెమీద కుళ్ళు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మర్యాదగా మాట్లాడటం నావల్ల కాదు. అదీ చీరలమీదో నగలమీదో అయితే పోనీలే అనుకోవచ్చు. బురదలో దొరికే పురుగు దగ్గర!

మా నాన్నకు బళేపేటలో గాజుల అంగడి. చేయి చూస్తే చాలు, కొలత చెప్పేస్తాడు. ఆ కన్ను నాకే వచ్చిందని ఇంట్లో అనేవాళ్ళు. చెరువు బురదలో ఏయే పురుగులు బతికున్నాయో చూసే ప్రయోగశాలలో చేరాక ఆ మాట నేనూ నమ్మాను.

అక్కడ నా పేరు నిలబెట్టింది క్రేన్ ఫ్లై పురుగు. వాన పడితే ఇంట్లో గోడమీద వాలుతుందే, పొడుగు కాళ్ళతో పెద్ద దోమలా కనబడి, పాపం ఎవరినీ కుట్టదు, ఆ ఈగ పిల్ల. మట్టిరంగు, తోలులాంటి చర్మం, కాళ్ళు లేవు. తల ఉంటుంది గానీ ఒంట్లోకి లాక్కుని దాచుకుంటుంది. తోక చివర మాత్రం రెండు నల్లటి చుక్కలు, చుట్టూ మెత్తని కొమ్ములు. కొత్తవాళ్ళు ఆ చుక్కలే కళ్ళనుకుని తోకను తల అని రాసేస్తారు. అవి గాలి పీల్చుకునే రంధ్రాలు. కొమ్ములు లెక్కపెట్టి కుటుంబం చెప్పాలి. ఆరుంటే మామూలుగా ఇదే, ఐదుంటే దీని దాయాది. ఇదంతా ఒంటబట్టడానికి నాకు నెల పట్టింది.

అప్పుడు ఆమె వచ్చింది. హిందూపురం వైపు మనిషి, హెబ్బగోడిలో గది. అంతకుముందు ఫ్యాక్టరీలో మరలు ఒక్కొక్కటే చూసి చెడ్డవి ఏరేసే పని చేసేదట. మొదటిరోజు ఆమె ముందు బతికున్న పురుగును నీళ్ళ సాసర్లో పెట్టి, ఎప్పుడు తప్పు చెప్తుందా అని కాచుక్కూర్చున్నాను.

"అక్కా, ఇది ముఖం కాదు, తోక" అంది.

"ఎట్ల చెప్తావు?"

"పాకేటప్పుడు ఇదే వెనక ఉండాది. ఊపిరికి నీళ్ళపైకి దీన్నే పెడతా ఉండాది. ముఖమైతే వెనక్కి ఎందుకు ఈడ్చుకుపోతుందక్కా?"

నా నెల ఆమెకు పది నిమిషాలు! ఒళ్ళు మండిపోయింది. మధ్యాహ్నం ఆమె పెట్టిన చిత్రాన్నం బాగుండటంతో ఇంకా మండింది.

ఆ వానాకాలం, ప్రయోగశాల చూసుకునే మేడమ్ పురుగుల్ని గుర్తుపట్టడానికి చిన్న పుస్తకం వేద్దామంది. క్రేన్ ఫ్లై పేజీ ఒకరికే. ఇద్దరూ పురుగులు పట్టి, సీసాల్లో భద్రం చేసి, తోక బొమ్మ గీసి తేవాలి. ఎవరిది బాగుంటే పేజీమీద వాళ్ళ పేరు. ఆ పేజీ నాది. మా నాన్న అంగట్లో పెట్టి అందరికీ చూపించాలి. అదీ ఆమెకు పోతే ఇక నాకేం మిగులుతుంది?

పురుగును నేరుగా స్పిరిట్‌లో వేయకూడదు. ముందు కాగిన నీళ్ళలో ముంచితే ఒళ్ళు సాగి కొమ్ములు విచ్చుకుంటాయి. బతికుండగానే స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుపోయి, కొమ్ములన్నీ లోపలికి మడిచేసుకుంటుంది. ఆమె సీసా పట్టుకుని నా దగ్గరికే వచ్చింది.

"అక్కా, వేన్నీళ్ళు కావాల్నా, నేరుగా వేసేదేనా?"

"నేరుగా వేసేయి. సుమ్నే, ఊరికే ఎందుకు కష్టం?" అన్నాను. నాలుక తడబడలేదు కూడా.

వారం తర్వాత మేడమ్ ఆమె సీసాలు సూక్ష్మదర్శిని కింద పెట్టింది. అన్నీ ముడుచుకుని గట్టిపడిపోయాయి. ఆమె గీసిన తోకలో కొమ్ములు నాలుగే. నాకు లోపల ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను.

"ఏమమ్మా, గోడమీద కాగితం చూడలేదా నువ్వు?" అంది మేడమ్.

స్టవ్ పైన గోడకు ఆ కాగితం అంటించింది నేనే. వేన్నీళ్ళు, తర్వాత స్పిరిట్ అని నా చేతిరాత. రోజూ చూసి చూసి మరిచేపోయాను.

"చూసినా మేడమ్. వేన్నీళ్ళని ఉండాది" అంది ఆమె. "దానికే అక్కను అడిగినా. కాగితం పాతది, అక్కకు తెలిసినంత దానికేం తెలుసు అనుకొన్నా."

మేడమ్ నావైపు తిరిగింది.

"అక్క వేరే పనిలో ఉండింది. ధ్యాస లేక అనేసి ఉంటుందిలే మేడమ్" అని ఆమే నా తరఫున చెప్పింది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

పేజీ నాకే వచ్చింది. నాన్న దాన్ని గాజుల అద్దాల బీరువాలో పెట్టాడు. ఆరు కొమ్ములూ విచ్చుకున్న తోక, కింద నా పేరు. అంగడికి పోతే అటు చూడను.

ఆమె ఇప్పటికీ ప్రతి సీసా మూత బిగించే ముందు నా దగ్గరికి తెస్తుంది. "సరేనా అక్కా?" అంటుంది. సరే అంటే చాలు, రెండోసారి చూసుకోదు. నేను ఏనాడూ ఎవరినీ అంత నమ్మింది లేదు. ఆమె కంటి చురుకు సంగతి అలా ఉంచండి, ఇప్పుడు నా కుళ్ళంతా ఆ నమ్మకంమీదే.