రోజుకో చోట ఉప్మా బండి

2011 జూన్‌లో నన్ను మహబూబ్‌నగర్ జిల్లా నుంచి హైదరాబాద్‌కు బదిలీ చేశారు. పరిశ్రమల శాఖలో నాది ఇండస్ట్రియల్ ప్రమోషన్ ఆఫీసర్ హోదా. పేరు పెద్దదే గాని, పైన అసిస్టెంట్ డైరెక్టర్, కింద అటెండర్, మధ్యలో నేనూ నా స్కూటరూ. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళ దరఖాస్తులు చూడడం, పెట్టాక వెళ్ళి నిజంగానే పెట్టారో లేదో చూసి రాయడం నా పని. మా భాషలో పిండిమర అయినా తోపుడు బండి అయినా ‘యూనిట్’ అనే అంటాం.

నల్లమల అంచు మండలాల్లో పనిచేసిన రోజుల్లో అలాంటి దరఖాస్తులే అరుదు. బియ్యం మిల్లు పెట్టగల స్తోమత ఉన్నవాడు కూడా పెట్టేవాడు కాదు. పెడితే అడవిలోంచి ఒకరు కబురు పంపేవారు. ఆ కబురు ఎందుకొచ్చిందో చెప్పమని స్టేషన్ నుంచి ఇంకొకరు పిలిచేవారు. తుపాకుల చప్పుడు ఆగిన కొన్నాళ్ళకే అదే మండలంలో వెల్డింగ్ షాపు, ఫోటో స్టూడియో, చివరికి టెంట్‌హౌస్ కూడా వచ్చాయి. శాంతి వచ్చిందని నాకు పేపర్లు చెప్పలేదు, టెంట్‌హౌస్ చెప్పింది. రాత్రిపూట దీపాలు పెట్టుకుని పెళ్ళి చేసుకునే ధైర్యం జనానికి వస్తే తప్ప ఎవడూ టెంట్‌హౌస్ పెట్టడు.

ఈ అనుభవం ఉందని, లొంగిపోయి నగరంలో స్థిరపడిన మాజీ దళ సభ్యుల ఉపాధి ఫైళ్ళన్నీ నాకు అంటగట్టారు. ప్రభుత్వ భాషలో వీళ్ళు ‘జనజీవన స్రవంతిలో కలిసినవారు’. మల్లేశ్ అనే అతను కూడా అలా కలిసినవాడే. అచ్చంపేట వైపు మనిషి, నలభై దాటిన వయసు, కేసులన్నీ తీసేశారు. కవాడిగూడలో ఒక గది కిరాయికి తీసుకుని భార్య సత్తెమ్మతో ఉంటున్నాడు. శాఖ తరఫున అతనికి టిఫిన్ బండి, గ్యాస్ పొయ్యి, గిన్నెలు ఇచ్చాం. అశోక్‌నగర్‌లో, గ్రూప్స్ పరీక్షల కోచింగ్ సెంటర్ల సందులో చోటు కూడా చూపించాం. వేలమంది నిరుద్యోగులు పొద్దున్నే ఆకలితో తిరిగే చోటు అది. అక్కడ బండి పెట్టి నష్టపోవడానికి కూడా ప్రతిభ కావాలి.

మా రూలు సులువైనది. మూడుసార్లు తనిఖీ చేస్తాం. మూడుసార్లూ యూనిట్ చూపిన చోట కనపడకపోతే బండి వెనక్కి తీసుకుని వరుసలో ఉన్న తర్వాతివాడికి ఇస్తాం.

మొదటిసారి వెళ్ళాను. బండి లేదు. కోచింగ్ కుర్రాళ్ళను అడిగాను. అందరిదీ ఒకటే జవాబు, “తెల్వద్ సార్.” నెల తర్వాత మళ్ళీ వెళ్ళాను. బండి లేదు గాని సందంతా ఇంగువ పోపు వాసన. ఒక కుర్రాడు గోడకు ఆనుకుని ఉప్మా తింటున్నాడు. పొగలు కక్కుతోంది.

“ఆ ఉప్మా ఎక్కడిది బాబూ?” అన్నాను.

అతను ప్లేటు వంక చూశాడు, నా చేతిలోని ఫైలు వంక చూశాడు, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. “మా ఊరికెల్లి పంపిన్రు సార్,” అన్నాడు. ఊరేదని అడిగితే ఆదిలాబాద్ అట. అంత దూరం నుంచి వేడి ఆరకుండా వచ్చిన ఉప్మాకు మనసులోనే దండం పెట్టి కవాడిగూడ బయల్దేరాను.

గదిలో సత్తెమ్మ ఒక్కతే ఉంది. మల్లేశ్ అడవిలో ఉన్నన్నాళ్ళూ ఈవిడ రాంనగర్ కూలీల అడ్డా మీద నిలబడి, మేస్త్రీ పిలిస్తే ఇటుకలు మోసి బతికింది. బండి విషయం ఎత్తగానే ఒక్కసారిగా కోపం వచ్చింది, నా మీద కాదు.

“ఇయ్యాల ఏడ పెట్టిండో నాకే చెప్పడు సార్. కాలుగాలిన పిల్లి తీర్గ దినాం ఒక జాగ. నిన్న నారాయణగూడ, మొన్న చిక్కడపల్లి, అటుమొన్న ట్యాంక్‌బండ్ కింద. అడిగితే, ఎవ్వరికి ఎరుక లేకుంటనే మంచిది అంటడు. ఉప్మా అమ్ముతున్నడా, బందూకులు అమ్ముతున్నడా?”

బండి పోతే ఏమవుతుందని నేను అడగలేదు. ఆమే చెప్పింది. “నా నడుం పొయ్యింది సార్. మల్ల ఇటుకలు మొయ్యమంటే మొయ్యలేను.” ఆ మాటకు నా దగ్గర ఏ రూలూ లేదు. నాకు నిజంగా బాధేసింది.

తర్వాత అసలు సంగతి ఆమె నోటే తెలిసింది. మల్లేశ్ రోజూ చివర తిన్న ఒక్కడికే రేపటి చోటు చెబుతాడు. వాడు సాయంత్రానికి హాస్టళ్ళన్నిటికీ చేరవేస్తాడు. మధ్యలో ఎవరైనా ఇన్‌షర్టు వేసుకున్న మనిషి అడిగితే ఎవరికీ ఏమీ తెలియదు. అడవిలో కబురు నడిచిన పద్ధతే అశోక్‌నగర్‌లో ఉప్మాకు నడుస్తోంది.

చేసేది లేక నేనూ వేషం మార్చాను. పాత లాల్చీ వేసుకుని, మా ఇంట్లో పడున్న జనరల్ స్టడీస్ పుస్తకం చంకలో పెట్టుకుని, పొద్దున్నే హాస్టల్ కుర్రాళ్ళ వెనకాల నడిచాను. ఒకడు తిరిగి చూసి, “అంకుల్, మీది ఏ గ్రూపు?” అన్నాడు. గ్రూప్ టూ అన్నాను. “ఏజ్ రిలాక్సేషన్ ఇంత ఇచ్చిన్రా!” అని ఆశ్చర్యపడి, పక్కవాడికి కూడా చెప్పాడు.

ఆ రోజు బండి చిక్కడపల్లిలో, మా ఇంటి వెనక సందులోనే ఉంది. సందుకు రెండు వైపులా దారి. మల్లేశ్ గోడకు వీపు ఆనించి, రెండు చివరలూ కనపడేలా నిలబడి వడ్డిస్తున్నాడు. బోర్డు లేదు, పేరు లేదు. ఉప్మా మాత్రం అద్భుతం. చివరివాణ్ణి కావాలంటే అందరూ వెళ్ళేదాకా తింటూ ఉండాలి కాబట్టి మూడు ప్లేట్లు తిన్నాను. మూడోది ప్రభుత్వ విధి నిర్వహణలో భాగం.

చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. మల్లేశ్ దగ్గరికి వంగి, “రేపు నారాయణగూడ, మార్కెట్ ఎనక గల్లీ,” అన్నాడు గుసగుసగా. అప్పుడు నేనెవరో చెప్పాను.

పొయ్యి ఎప్పుడు ఆరిందో చూడలేదు. నేను చేయి కడుక్కుని తిరిగేసరికి బండి సందు మలుపులో ఉంది. మూడు ప్లేట్ల ఉప్మాతో పరుగెత్తడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. దేవుడి దయవల్ల అడ్డంగా ఒక నీళ్ళ ట్యాంకర్ ఆగి ఉంది.

ఇద్దరం ఆయాసపడుతూ అరుగు మీద కూర్చున్నాం. కేసులు లేవు, వెతికేవాళ్ళు లేరు, ఎందుకీ పరుగు అని గట్టిగానే కోప్పడ్డాను. అతను తల దించుకుని విన్నాడు.

“ఒక్క జాగల రెండో పొద్దు నిలవడితే పాణం కొట్టుకుంటది సార్. అంత అయిపోయిందని నాకు ఎరుకే. కాళ్లకు ఎరుక లేదు.”

నాకు కోపం పోయింది గాని గడువు పోలేదు. సోమవారం మూడో తనిఖీ. అసిస్టెంట్ డైరెక్టర్ స్వయంగా వస్తున్నారని, చూపిన చోట బోర్డుతో సహా ఉండకపోతే బండి అదే జీపు వెనక కట్టుకుపోతారని చెప్పాను. అతను సరేనన్నాడు. ఆ సరే అన్న తీరు చూస్తే నమ్మకం కలగలేదు. నేరుగా సత్తెమ్మ దగ్గరికి వెళ్ళి అదే మాట చెప్పాను. ఆమె వాదించలేదు, ఏడవలేదు. మినప్పప్పు కిలో ఎంతుందని మాత్రం అడిగింది.

ఆదివారం ఆ గదిలో ఏం జరిగిందో తర్వాత ఆమే చెప్పింది. మల్లేశ్ ఎప్పుడూ ఉప్మా తప్ప ఇంకేదీ చేయడు. పోపు వేసి, రవ్వ పోసి, వడ్డించి, ఎప్పుడంటే అప్పుడు గిన్నె ఎత్తుకుని వెళ్ళిపోవచ్చు. సత్తెమ్మ ఆ రోజు పప్పు నానబోసి, ఇంటివాళ్ళ గ్రైండర్‌లో రుబ్బి, పెద్ద గంగాళం నిండా ఇడ్లీ పిండి కలిపి మూత పెట్టింది. పొద్దున అశోక్‌నగర్ సందులో వేడి ఇడ్లీలు ఉంటాయని హాస్టళ్ళన్నిటికీ తనే తిరిగి చెప్పొచ్చింది.

“ఇంత పిండి ఎందుకే?” అన్నాడట మల్లేశ్.

“రేపటికి.”

“రేపు ఏడుంటమో ఏమో!”

“నువ్వు ఏడికన్న పో. పిండి మాత్రం అశోక్‌నగర్‌కే పోతది. పులిసిన పిండిని ఊరంత తిప్పుతనంటే నేను ఊకోను.”

సోమవారం జీపు సందులోకి తిరిగింది. బండి ఉంది! బోర్డు ఉంది, దాని మీద ‘మల్లేశ్ టిఫిన్స్’ అని పేరు కూడా ఉంది. పక్కన నడుం మీద చెయ్యి పెట్టుకుని సత్తెమ్మ ఉంది. ఇడ్లీ పాత్ర ఆవిర్లు కక్కుతోంది. మల్లేశ్ చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఇడ్లీ ఉడికేదాకా కదలడానికి వీల్లేదు. అతని కళ్ళు మాత్రం సందు రెండు చివరలకూ తిరుగుతూనే ఉన్నాయి.

జీపు చూడగానే కుర్రాళ్ళందరూ మాయమయ్యారు. మునిసిపాలిటీ వాళ్ళు బండి ఎత్తుకుపోవడానికి వచ్చారనుకున్నారు. ఒక్కడు పారిపోవడానికి ఆలస్యమై దొరికాడు. ఆదిలాబాద్ ఉప్మా కుర్రాడే.

అసిస్టెంట్ డైరెక్టర్ గారు, “ఈ బండి రోజూ ఇక్కడే ఉంటుందా?” అని అడిగారు.

కుర్రాడు బండికి చెయ్యి ఆనించి నిలబడే, “ఏ బండి సార్?” అన్నాడు.

ఆయన నా వంక చూశారు. అప్పుడు మల్లేశ్ గోడ వదిలి ముందుకు వచ్చాడు.

“పోరన్ని అడగకుండ్రి సార్. నేను మల్లేశ్‌ను. ఈ బండి నాదే. రేపు గూడ ఈడనే ఉంట.”

సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అసిస్టెంట్ డైరెక్టర్ గారు ఇడ్లీ తిని, ఫోటో తీయించి, సంతకం చేసి వెళ్ళిపోయారు.

శాఖ దృష్టిలో ఫైలు అక్కడితో ముగిసింది. నేను మాత్రం మంగళవారం ఎవరికీ చెప్పకుండా మళ్ళీ వెళ్ళాను. మల్లేశ్ అక్కడే ఉన్నాడు. ముఖం పీక్కుపోయి ఉంది, రాత్రి నిద్రపోయినట్టు లేదు. కానీ ఉన్నాడు. ఇడ్లీ అయిపోయిందని, రేపు జర జల్ది రమ్మని చెప్పి పంపించాడు.

అప్పటి నుంచి 2014లో రిటైరయ్యే వరకు నా తనిఖీ పద్ధతి మార్చుకున్నాను. జీపు వచ్చిన రోజు ఎవడైనా నిలబడతాడు. అందుకే నేను మర్నాడు వెళ్ళి చూశాకే, యూనిట్ మొదలైందని రాసేవాణ్ణి.